కోలారులో మూడెకరాలు పాడుచేసుకోవడం ఎలా?

మీరు నిర్ణయం తీసేసుకున్నారు కాబట్టి ఇక ఆలోచించే పని లేదు. వైట్‌ఫీల్డులో ఫ్లాటుంది, ఆలుమగలిద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఇద్దరు పిల్లలున్నారు, ఇంట్లో అమ్మగారున్నారు. లేనిదల్లా మూడెకరాల తోట. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వస్తే భాషకూ కొదవలేదు. బోర్డులు కన్నడంలో ఉంటాయి, బేరాలు తెలుగులో సాగుతాయి. ఇలా బెంగళూరు నుంచి వచ్చి దిగిన కుటుంబాలను పక్క చేలోంచి చాలాకాలంగా చూస్తున్నవాణ్ని కనుక నాలుగు ముక్కలు చెబుతాను. పొల్లు పోకుండా పాటించండి. ఫలితానికి ఎక్కువ కాలం ఆగక్కర్లేదు.

భూమి చూడటానికి అక్టోబరులో రండి. ఈ జిల్లాలో ఏడాదికి పడేదే ఏడొందల చిల్లర మిల్లీమీటర్ల వాన. అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. అప్పుడు రాళ్లగుట్ట కూడా పచ్చగా ఉంటుంది, గట్ల మీద గడ్డి మోకాలెత్తు ఉంటుంది, కుంటలో కొంగలుంటాయి. ఫోటోలు బాగా వస్తాయి. ఏప్రిల్లో మాత్రం రావద్దు. ఏప్రిల్లో చెరువు అడుగు కనిపిస్తుంది, బావి అడుగు కనిపిస్తుంది, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో కూడా కనిపిస్తుంది.

పహణి చదవకండి. కర్ణాటక ప్రభుత్వం ‘భూమి’ పథకం కింద ఊరూరి పహణీలనూ కంప్యూటర్లోకి ఎక్కించి ఏళ్లయింది. సర్వే నంబరు కొడితే ఫోనులోనే వస్తుంది. అంత తేరగా దొరికే కాగితంలో ఏముంటుంది? 2020లో భూసంస్కరణల చట్టంలోంచి 79ఎ, 79బి సెక్షన్లు తీసేశారు. రైతు కుటుంబం కాని వాళ్లు కూడా సాగుభూమి కొనుక్కోవచ్చు. దీన్నిబట్టి ఎవరైనా ఏ భూమైనా కొనొచ్చని అర్థం చేసుకోండి. దళిత, గిరిజన కుటుంబాలకు సర్కారు మంజూరు చేసిన భూమిని సర్కారు అనుమతి లేకుండా కొంటే చెల్లదని 1978 నుంచి ఒక చట్టముంది. ఎన్నేళ్లు గడిచినా కేసు వేయొచ్చని 2023లో దానికి సవరణ కూడా వచ్చింది. అది అడగటం అమ్మేవాణ్ని అవమానించినట్టవుతుంది, అడగకండి. పోడి (విడి సర్వే) అయిందా, ఖరాబు (సాగుకు రాని నేల) ఎన్ని గుంటలు, బండిబాట ఎవరి చేలోంచి వస్తుంది అన్నవీ అంతే. రిజిస్ట్రేషన్ అయ్యాక తీరిగ్గా తెలుస్తాయి.

ఇక్కడే మీకు మొదటి అవాంతరం ఎదురవుతుంది. ఆ అవాంతరం అమ్మగారు. మీరు, బ్రోకరు గట్ల మీద తిరుగుతుంటే ఆమె కారు దిగి, గొర్రెలు మేపుకుంటున్న ముసలామె పక్కన చింతచెట్టు కింద కూలబడుతుంది. ఆకువక్క ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. “ఆ బాయిలో నీళ్లు సూసి మా సిన్నోడి పెండ్లంత కాలమైందమ్మా” అంటుంది ఆ ముసలామె. సిన్నోడికి ఇప్పుడు కాలేజీకి పోయే కూతురుంది. అమ్మగారు ఈ మాట మోసుకొచ్చేలోపే అడ్వాన్సు ఇచ్చేయండి. ముందు ముందు కూడా ఈ ఇంట్లో వ్యవసాయం తెలుసుకునే ప్రమాదం ఆమె ఒక్కరికే ఉంది. ఓ కన్నేసి ఉంచండి.

ముందు ఇల్లు కట్టండి. నీళ్లు తర్వాత. పడమటి వైపు గోడకు బదులు నేలనుంచి కప్పుదాకా అద్దం పెట్టించండి, సూర్యాస్తమయం కనిపిస్తుంది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో సంగటి కుండ పెడితే పొయ్యితో పని లేకుండా ఉడుకుతుంది. పశువుల పాకకు, ధాన్యం పెట్టుకునే గదికి, పనిముట్ల కొట్టానికి చోటు వదలకండి. యోగా వరండా కట్టించండి. చుట్టూ కాంపౌండు, ఇనప గేటు, గేటుకు తాళం. ఆ గేటు సరిగ్గా పక్క చేనువాళ్లు తరతరాలుగా రాగి మోపులు తోలుకుపోయే బాట మీద పడేలా చూసుకోండి. పరిచయం పెరగడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు. ఆ వారంలోనే ఊరంతా మీ ఇంటికొస్తుంది.

సరే, నీళ్లు. ఈ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. పాలారు నందికొండల దగ్గర పుట్టి ఈ జిల్లా మీదుగానే పోతుంది కానీ, వానకు తప్ప పారదు. పెద్దలు ఏ వంపులో నాలుగు చినుకులు నిలిచినా అక్కడ కట్ట వేసి, జిల్లా నిండా వేల సంఖ్యలో చెరువులూ కుంటలూ చేసుకున్నారు. మీకు చెరువుతో పనేమిటి? కాలువ పూడిందా, తూము పగిలిందా, మీ చేలోంచి పోయే వాననీటి పారుదలను మీ కాంపౌండు గోడ అడ్డగించిందా అన్నవి ఊరి గొడవలు. మీది బోరు.

బోరు చోటు చూడటానికి కొబ్బరికాయ పట్టేవాణ్ని పిలవండి. అరచేతిలో కాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. కాయ నిక్కి నిలబడిన చోట నీళ్లున్నట్టు. సాధారణంగా అది లారీ సుళువుగా వచ్చి ఆగే చోటే అవుతుంది. కింద ఉన్నది నల్లరాయి. నీళ్లుంటే ఆ రాతి పగుళ్లలోనే ఉండాలి. పాతికేళ్ల కిందట మూడొందల అడుగుల్లో పడిన చోట ఇప్పుడు పన్నెండొందలు, పదిహేనొందలు పోతున్నారు. జిల్లా మొత్తాన్నీ భూగర్భ జలాలను మితిమీరి తోడేసిన ప్రాంతంగా లెక్కగట్టారు. కొత్త బోరుకు అనుమతి కూడా కావాలి. అయితే ఏం? వెయ్యి అడుగుల దాకా దుమ్మే లేస్తే నిరాశపడకండి. లారీవాడు ఇంజను ఆపి, బీడీ ముట్టించి, “ఇంకొక వంద అడుగులు పోదామా సార్?” అంటాడు. ఆ రేటు మొదటి వంద అడుగుల రేటు కాదు. పోదామనండి. కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా దిగింది, వాళ్లు మధ్యలో ఆపితే బంగారం వచ్చేదా? చివరికి 2001 ఫిబ్రవరి 28న ఆ గనులూ మూతపడ్డాయనే సంగతి బోరు వేసేటప్పుడు తలుచుకోకూడదు.

మొదటి బోరు ఎండితే రెండోది వెయ్యండి. పక్క చేనువాడి బోరుకు ఎంత దగ్గరగా వేస్తే అంత మేలు. అక్కడ నీళ్లున్నట్టు రుజువైంది కదా. మీది పడిన రోజున వాడిది తగ్గుతుంది. అప్పుడు వాడు ఇంకో రెండొందల అడుగులు లోతు చేయిస్తాడు, తర్వాత మీరు. ఈ ఆటలో ఇప్పటిదాకా గెలిచింది బోరు లారీ ఒక్కటే.

కరెంటు విషయంలో కోలారుకు చరిత్ర ఉంది. 1902లోనే శివనసముద్రం నుంచి తీగలు లాగి ఇక్కడి బంగారు గనులకు విద్యుత్తు తెచ్చారు. ఆసియాలోనే మొదటి వరసలో నిలిచిన పని అది. మీ పంపుసెట్టు దగ్గరకు వచ్చేసరికి త్రీఫేజు రోజుకు కొన్ని గంటలే వస్తుంది, ఆ గంటలు కూడా ఒక వంతు పగలు, ఒక వంతు రాత్రి. పది హార్స్‌పవర్ దాకా వ్యవసాయానికి బిల్లు లేదు కాబట్టి, ఆటోమేటిక్ స్టార్టరు పెట్టి స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచండి. అర్ధరాత్రి కరెంటొచ్చి, బోరులో నీళ్లయిపోయి, మోటారు ఉత్తగా తిరిగి కాలిపోయినప్పుడు మీరు నిద్రలో ఉంటారు. పొద్దున్నే మోటారు పైకి లాగే మనుషులను పిలిచి, పైపులు ఒక్కొక్కటిగా విప్పి ఎండలో పరిచి, వైండింగు షాపుకు కోలారు పోయి రావడం పిల్లలకు మంచి సెలవు కార్యక్రమం.

మీరు బెంగళూరు వదిలి వచ్చానని అనుకుంటారు గానీ, మీకంటే ముందే మీ నీళ్లు వచ్చేశాయి. కోరమంగల-చల్లఘట్ట లోయలో చేరే నగరం మురుగునీటిని రెండు దశల్లో శుద్ధి చేసి, గొట్టాల్లో కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. రోజుకు 440 మిలియన్ లీటర్లు, 126 చెరువులు అన్నది పథకం లెక్క. 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువుకు మొదటి నీళ్లొచ్చాయి. మరుసటి నెలలోనే నురగ లేచింది. వ్యవహారం హైకోర్టుకు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు పోయింది. నీళ్లు చేరిన చెరువుల చుట్టుపక్కల ఎండిన బోర్లు మళ్లీ పోశాయి, అదీ నిజమే. మూడో దశ శుద్ధి కూడా చేయండని రైతులు అడుగుతూనే ఉన్నారు, అదీ నిజమే. మీరు రెండూ పట్టించుకోకుండా చెరువు గట్టున రాత్రిపూట మోటారు పెట్టి నేరుగా తోటలోకి తోడండి. అది చెరువులో నిలిచి నేలలోకి ఇంకాల్సిన నీరని, నేరుగా తోడటం నిషేధమని ఎవరైనా చెబితే, ఫ్లాటులో ఉన్నప్పుడు ఈ నీళ్లు వదిలింది మేమే కదా అని వాదించవచ్చు.

తాగడానికి బోరు నీళ్లే మంచివి, చల్లగా ఉంటాయి. కోలారు నీళ్లలో ఫ్లోరైడు పాతకాలపు సమస్య. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే పిల్లల పళ్ల మీద ముందు తెల్ల, తర్వాత గోధుమ గారలు పడతాయి, ఎముకలు తర్వాత. సీసాలో నీళ్లు పట్టి పరీక్షకు పంపితే తెలిసిపోతుంది. ఊళ్లో శుద్ధ నీటి ప్లాంటు దగ్గర నాణెం వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. కానీ బిందె పట్టుకుని క్యూలో నిలబడటానికా మనం తోట కొన్నది? అమ్మగారు మాత్రం రోజూ సాయంత్రం క్యాను పట్టుకుని బయల్దేరుతుంది. ఎందుకో తెలుసా? నీళ్ల కోసం కాదు. ఆ క్యూలో ఏ చేలో ఏ తెగులు దిగిందో, ఎవరి ఆవు ఎదకొచ్చిందో, ఎల్లుండి ఏ కూలీలు ఖాళీయో అన్నీ తేలుతాయి. మీరు టమకలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, హోబళిలోని రైతు సంపర్క కేంద్రానికి గానీ పోరు కాబట్టి, ఇంట్లో ఉన్న విస్తరణాధికారి ఆమే.

కృషి హొండ (సేద్యపు కుంట) తవ్వించడం మాత్రం నిజంగానే మంచి పని. వాననీళ్లు నిలుస్తాయి, సర్కారు సాయమూ ఉంటుంది. దాని గురించి ఒక మాట ఎగతాళి లేకుండా చెబుతున్నాను. అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలో పడిన పిల్లవాడు గానీ, ఈతొచ్చిన పెద్దవాడు గానీ గట్టెక్కలేడు. నాచు పట్టిన షీటు మీద కాలు నిలవదు. చుట్టూ కంచె వేసి, నాలుగు పక్కలా గట్టు మీద గుంజకు లావుపాటి తాడు కట్టి, ముడులు వేసి నీళ్లలోకి వదలండి. రెండు పాత ట్రాక్టరు ట్యూబులు గాలి కొట్టి అందులో పడేయండి. తవ్విన రోజే చేయండి. ఇప్పుడు మళ్లీ మన దారికి వద్దాం.

పంటంటే టమోటా. 2023 జూలైలో కోలారు మార్కెట్లో పదిహేను కిలోల పెట్టె 2,000 రూపాయలు దాటింది. టీవీలు కోలారులో మకాం వేశాయి, తోటలకు రాత్రిళ్లు కాపలా పెట్టుకున్నారు. ఆ వార్త చూసిన రోజే మీరు నారు పెట్టాలి. జిల్లాలో మిగతావాళ్లందరూ కూడా అదే వార్త చూసి అదే రోజు పెడతారు కనుక మీకు తోడుంటుంది. ట్రే నారు, బెడ్లు, మల్చింగ్ షీటు, డ్రిప్పు పైపులు, మొక్కకొక కర్ర, కర్రకర్రకూ దారం, వారానికి రెండు మందులు. తెల్లదోమ వాలిన చోట ఆకు ముడుచుకుంటుంది, మొక్క కుదురుగానే ఉండి కాపు మానేస్తుంది. కాయ మీద గుండుసూది మోపినంత రంధ్రం కనిపిస్తే లోపల టూటా పురుగుంది. ఇవన్నీ దాటి రెండు నెలల తర్వాత కోత మొదలయ్యేసరికి ధర నేలకు దిగి ఉంటుంది. 2023లో సెప్టెంబరు కల్లా దిగనే దిగింది. అప్పుడు పెట్టె బాడుగ, కోత కూలి, వ్యాను కిరాయి కలిపి చూసుకుంటే మార్కెట్టుకు తోలడం కన్నా చేలోనే వదిలెయ్యడం లాభం. అయినా తోలండి. ఏపీఎంసీ యార్డులో తెల్లారకముందే వేలం మొదలవుతుంది. కొండలుగా పేర్చిన పెట్టెల మధ్య నిలబడి, మీ కాయను ఎవడో చేత్తో నొక్కి చూసి పెదవి విరిచి పోతుంటే, ఆఫీసులో అప్రైజలు గుర్తొచ్చి మనసు కుదుటపడుతుంది.

మామిడి కూడా వేయొచ్చు. శ్రీనివాసపురం అంటేనే మామిడి. అందులో తోతాపురి పెట్టండి, పండు చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. సరిహద్దు పక్కనే కనుక చింత లేదు. 2025 జూన్‌లో బయటి రాష్ట్రాల తోతాపురి తమ జిల్లాలోకి రాకూడదని చిత్తూరు కలెక్టరు ఉత్తర్వు ఇవ్వడం, కర్ణాటక ముఖ్యమంత్రి హోదాలో సిద్ధరామయ్య ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబుకు ఉత్తరం రాయడం, లారీలు సరిహద్దులో ఆగిపోవడం జరిగాయి. ఇటుపక్క తెలుగు మాట్లాడే రైతు, అటుపక్క తెలుగు మాట్లాడే ఫ్యాక్టరీ, మధ్యలో మామిడిపండు కుళ్లిపోవడం. చెట్టు కాపుకొచ్చేదాకా ఎన్నో ఏళ్లు ఉంది కదా, అప్పటికి మళ్లీ ఏ ఉత్తర్వు ఉంటుందో ఇప్పుడే ఎందుకు బెంగ?

ఏదీ చేతకాకపోతే నీలగిరి నాటేద్దామనిపిస్తుంది. 1980ల్లో ఈ జిల్లా అంతా అదే చేసింది. సామాజిక అడవుల పేరుతో రాగిచేలల్లోకి నీలగిరి దిగింది. కూలీ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, మేక కూడా ముట్టదు. 2017లో కర్ణాటక సర్కారు కొత్తగా నాటడాన్ని నిషేధించింది. మీ తాతగారెవరైనా నాటి ఉంటే పరవాలేదు గానీ, మీరు ఆలస్యంగా వచ్చారు. బంగారుపేట తాలూకా కామసముద్రం దాపుల్లో కొన్నవారైతే అరటి వేయండి. తమిళనాడు, ఆంధ్ర అడవుల నుంచి వచ్చే ఏనుగులకు అరటి ప్రీతి.

రాగి మాత్రం వద్దు. అది వెనకబడిన పంట. నాలుగు వానలతో పండుతుంది, మందు అడగదు, చీడ తక్కువ, పురుగు పట్టకుండా ఏళ్లు నిలవుంటుంది, గడ్డి ఆవుకు పనికొస్తుంది, 2025-26కు క్వింటాలు మద్దతు ధర 4,886 రూపాయలు. ఇలాంటి పంట వేస్తే స్నేహితులకు చెప్పుకోవడానికి ఏముంటుంది? కానీ అమ్మగారు ఇంటి వెనక అరెకరం పట్టుబట్టి మిగుల్చుకుంటుంది. పక్క చేను పెద్దాయన గొర్రు తెస్తాడు. రాగి సాళ్ల మధ్య ‘అక్కడి సాళ్లు’ అనే మిశ్రమ పంట వరసలు వదులుతారు. వాటిలో అనప, కంది, జొన్న, కాసిన్ని వెర్రినువ్వులు. మూడు వారాలకు పైరు పచ్చగా లేచి మీకు ముద్దొస్తున్న సమయంలో పెద్దాయన ఎద్దులను కట్టి పైరు మీదే గుంటక తోలుతాడు. మీరు పరుగెత్తుకెళ్లి ఆపండి. “ఏం సామీ, మొత్తం నాశనం చేస్తున్నారే!” అనండి. “గుంటక తగిల్తేనే పిలక లేస్తాది సార్. ఒత్తుగుండేది పోతాది, మిగిలింది దుబ్బు కడతాది” అంటాడాయన ఎద్దులను ఆపకుండానే. వారం తర్వాత చూస్తే కింద పడిన మొక్కలు లేచి, ఒక్కొక్కటికి మూడు నాలుగు పిలకలు పెట్టి ఉంటాయి. మీరు ఆపగలిగి ఉంటే ఇది జరిగేది కాదు. ముందే చెప్పాను, అమ్మగారిని చూసుకోండని.

కోతలయ్యాక రాగి కుప్పను కల్లంలో తొక్కించకండి. తారురోడ్డు మీద పరిచేయండి, బస్సులు లారీలు ఉచితంగా నూరుస్తాయి. గడ్డిలో స్కూటర్లు జారడం, కారు కింద గడ్డి చుట్టుకుని మంటలంటుకోవడం పోలీసులు ఏటా చెప్పే మాటలే.

ఆవును కొనండి. సీమావు, పూటకు పది లీటర్లిచ్చేది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి డెయిరీ దగ్గర క్యాను పట్టుకుని నిలబడాలి. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసి చీటీ ఇస్తారు, డబ్బు ఖాతాలో పడుతుంది, లీటరుకు ఐదు రూపాయల సర్కారు ప్రోత్సాహకం వేరే. పాలు పోసే కుటుంబానికి ఈ జిల్లాలో క్రమం తప్పకుండా చేతిలో డబ్బాడుతుంది. టమోటా ముంచిన ఇళ్లను నిలబెట్టింది పాలే. అందువల్ల ఆవు పనిని మీరు పెట్టుకోకండి. జీతగాడికి అప్పగించి వారాంతం బావమరిది పెళ్లికి పోండి. ఆవుకు ఆదివారం తెలియదు. రెండు పూటలు పాలు తీయకపోతే పొదుగు రాయిలా గట్టిపడి వాపొస్తుంది, పశువైద్యుడొచ్చి చూసేసరికి ఒక చన్ను పోతుంది. ఆ పెళ్లి భోజనం చాలా ఖరీదని తర్వాత లెక్కలో తేలుతుంది.

పట్టుపురుగుల జోలికి మీరు వెళ్లక్కర్లేదు, పక్కింటివాళ్లవే చాలు. నాలుగో జ్వరం (కుబుసం విడిచే నిద్ర) లేచాక పురుగు వారం రోజులు తెగ తింటుంది. ఆ షెడ్డు గుమ్మంలో నిలబడితే ఆకు మేస్తున్న చప్పుడు చిన్న వానలా వినిపిస్తుంది. ఇంటిల్లిపాదీ రాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి మల్బరీ కొమ్మలు పరుస్తారు. పురుగు పండి, ఒళ్లు పసుపచ్చగా మెరిసి, గూడు కట్టుకునే చంద్రిక ఎక్కడానికి తల ఊపుతూ వెతుక్కునే ఆ రెండు రోజుల్లో వాళ్లు అన్నం తినడం కూడా నిలబడే. సరిగ్గా ఆ వారమే మీరు టమోటాకు మందు కొట్టించాలి, అదీ గాలి వాళ్ల మల్బరీ వైపు వీస్తున్నప్పుడు. మందు పడిన ఆకు తిన్న పురుగు నోటి నుంచి రసం కక్కి, మెలికలు తిరిగి, ముడుచుకుపోతుంది. నెల కష్టం ఒక పూటలో పోతుంది. మీరు పెద్ద మనసుతో వెళ్లి, “నష్టం ఎంతయిందో చెప్పండి, ఇచ్చేస్తాను” అనండి. ఆ మాటకు ఆ ఇంటావిడ ఏమీ అనదు. చేటలోని చచ్చిన పురుగులను పెంటకుప్ప మీదికి మోసుకుపోతుంది. గాలి ఎటుందో చూసి కొట్టమని, రెండు రోజుల ముందు ఒక మాట చెబితే వాళ్లు ఆకు ముందే కోసి దాచుకుంటారని, ఊళ్లో ఆరేళ్ల పిల్లకూ తెలుసు. మీకు చెప్పలేదంటే మీరు అడగలేదు కనుకే. గేటుకు తాళముంది కదా.

కూలీలు దొరకరు. నర్సాపురం, వేమగల్ ఫ్యాక్టరీల బస్సులు పొద్దున్నే ఊళ్లోకొచ్చి కుర్రకారును ఎక్కించుకుపోతాయి. ఒకప్పుడు మగవాళ్లు గనుల్లోకి దిగేవారు, ఇప్పుడు ఆడపిల్లలు ఫోన్లు బిగిస్తున్నారు. నీడలో పని, నెల జీతం, ఎండలో కలుపు తీయమంటే ఎవరొస్తారు? వచ్చేది నడివయసు ఆడవాళ్లు, అదీ గుంపుగా, ఇష్టమైన ఇంటికి. వాళ్లొచ్చాక గడియారం చూస్తూ గట్టు మీద నిలబడండి. పదకొండింటికి కాఫీ ఇవ్వకండి. కూలి సాయంత్రం ఇవ్వకుండా వారానికోసారి ఫోన్ పే చేస్తాననండి. మర్నాడు మీ చేలో కలుపు ఒక్కటే ఉంటుంది. అమ్మగారి అరెకరంలో మాత్రం ఏడుగురు వంగి ఉంటారు. ఆమె కాఫీలో బెల్లం వేస్తుందట, పైగా వాళ్లతో పాటు తనూ వంగుతుందట.

పిల్లల సంగతికొస్తే, వాళ్లు చెడిపోవడం చాలా త్వరగా జరుగుతుంది. స్కూలు బస్సు కోసం పొద్దున ఏడింటికి రోడ్డు దాకా నడుస్తారు. నెల తిరక్కుండా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కేజీఎఫ్ నుంచి వచ్చే స్నేహితులతో తమిళం కలిపి కొడతారు. చెప్పుల్లేకుండా తిరుగుతారు. జెర్రిగొడ్డుకూ రక్తపింజరకూ తేడా చెబుతారు. రాగిచేలో ఎలుకలను తినేది జెర్రిగొడ్డే కనుక దాన్ని కొట్టకూడదని మీకే పాఠం చెబుతారు. వెంటనే ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులో చేర్పించండి. సింగిల్ ఫేజు ఉన్నప్పుడు వింటారు.

ఇన్ని చేసినా డిసెంబరు వస్తుంది. చలి పొద్దున అనపకాయ మీద మంచు పట్టి, ఆ సొన వాసన గట్టు దిగకముందే ముక్కుకు తగులుతుంది. అమ్మగారు, పక్కింటి ఇద్దరాడవాళ్లు వరండాలో, మీరు యోగా కోసం కట్టించిన దానిలోనే, కాళ్లు చాపుకుని కూర్చుని కాయలు వలుస్తారు. గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పితుకుతారు. పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తోలు వేళ్లలో మిగులుతుంది. సంగటి ముద్ద, పితికిపప్పు పులుసు. ఆ ఆదివారం మీ ఆఫీసు మిత్రులను పిలవండి. నాలుగు కార్లలో వస్తారు, ముద్ద ఎలా మింగాలో వీడియో తీసుకుంటారు, అరెకరం పంటను మీ తోట అనుకుని మిమ్మల్ని మెచ్చుకుంటారు. కాదనకండి. వెళ్లేటప్పుడు ఒక్కో డిక్కీలో ఒక్కో సంచి కాయలు పెట్టించండి. డబ్బు తీసుకుంటే బాగుండదు. బెంగళూరు అవరె మేళాలో ఇవే కాయలు కిలో ఎంతకు అమ్ముతున్నారో, సంచి కారెక్కిస్తూ వాళ్లే అమ్మగారికి వివరంగా చెబుతారు.